పురుగు మేతలో ఉండగా అప్‌డేట్ వద్దు

షెడ్డులో వేడి, తేమ చూసుకునే కంట్రోలర్ పెట్టుకున్న రైతులకు మా మాట ఒకటి. అప్‌డేట్ వచ్చిందని చూపగానే నొక్కెయ్యకండి.

షెడ్డుకు వైఫై అందకపోయినా దారి ఉంది. ఇంటి నెట్ కేబుల్ లాప్‌టాప్‌కు తగిలించి, విండోస్ సెట్టింగుల్లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే కంట్రోలర్‌కు నెట్ వస్తుంది. బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ పెట్టాలి. ఇలాంటి చిన్న పెట్టెలు చాలావరకు 5ను పట్టవు. ఇంతవరకు సులువే. ఎప్పుడు చేస్తామన్నదే అసలు సంగతి.

అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోతే లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, కంట్రోలర్‌కు ఉండదు. అది మళ్లీ లేవకపోవచ్చు. చాకీ పురుగుకు 26 నుంచి 28 డిగ్రీల వేడి, 80 శాతం పైన తేమ కావాలి. నాలుగో జ్వరం లేచాక 24 డిగ్రీలు, 70 శాతం చాలు. ఆ లెక్క తప్పితే పెట్టెతో పోదు, పంట మీదికి వస్తుంది.

అందుకని గూళ్లు శిడ్లఘట్టకో రామనగరకో పోయాక, షెడ్డు కడిగి మందు కొట్టి ఆరాక, కొత్త చాకీ రాకముందే చేద్దాం. కంట్రోలర్‌ను ఇన్వర్టర్ మీద పెడదాం. పాత సెట్టింగులు కాగితం మీద రాసుకుందాం. అమ్మేవాళ్లను కూడా గట్టిగా అడుగుదాం: నెట్ లేకుండా పెన్‌డ్రైవ్‌తో ఎక్కే అప్‌డేట్ ఇవ్వండి, పంటల మధ్యలోనే ఇవ్వండి అని. డబ్బు పెట్టి కొన్నది మనమే కదా.