గ్యారెంటీ ఎవరికి రాసిచ్చిండ్రు? (ఉప్పల్ డిపో కాడి ముచ్చట్లు – 14)

పోయిన ఆదివారం నాచారంల నా పాత విద్యార్థి ఒకామె కలిసింది. ఇండస్ట్రియల్ ఏరియాల మందుల ప్యాకింగ్ పని, కాంట్రాక్టర్ కింద. ఎమ్మే తెలుగు అయిపోయి మూడేండ్లు. "సార్, బీఈడీ చేద్దామని ఉంది. కాని డీఎస్సీ ఎప్పుడు పడ్తదో తెల్వదు, పడ్డా నాకు వస్తదో రాదో తెల్వదు. అన్నీ ఖరారైనంక చూద్దమని ఆగిన" అన్నది.

ఆమెకు అప్పటికే ఇద్దరు సలహా చెప్పిండ్రట. ఒకాయన మోటివేషన్ వీడియోల బాపతు: "రిస్క్ తీస్కో, పని ఇడిసిపెట్టు, దునియా నీ ఎంబడి వస్తది." ఇంకొకాయన మనోడే, ఉద్యమంల పెద్దమనిషి: "వ్యవస్థ మారకుండ నీ ఒక్కదాని బతుకు మారుడేంది? సొంత బాగు చూసుకునుడు స్వార్థం."

ఈ ఇద్దరితోనే నా పంచాయితీ.

మొదటాయనకు ఒక్కటే అడుగుత. తాత భూమి, నాయిన ఫ్లాటు ఉన్నోడు కింద పడితే పరుపు మీద పడ్తడు. రెండు నెలల కిరాయి ఆగితే సామాన్లు బజార్ల పడే ఇంటి పిల్ల ఎక్కడ పడ్తది? ఆమెను దూకుమనుడు ధైర్యం చెప్పుడు కాదు. పక్కోళ్ళ బతుకు పెట్టి జూదమాడుడు.

ఇగ మన పెద్దమనిషి. అన్నా, నీ పిల్లలు చదివింది ఇంగ్లీష్ మీడియం, నువ్వు తీసుకునేది పెన్షన్. నీ బాగు అయిపోయినంక మా బాగు స్వార్థమెట్ల అయ్యింది?

ఆగితే ఏమైతదో లెక్క చూడుండ్రి. 2017 అక్టోబర్ల 8,792 పోస్టులకు టీఆర్టీ పడ్డది. దాని తర్వాత ఏండ్లకేండ్లు ఎదురుచూపు. 2023 సెప్టెంబర్ల 5,089 పోస్టులని డీఎస్సీ ఏసిండ్రు, పరీక్ష కాకుండనే రద్దయింది. 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతోని మళ్ళ పడ్డది, అక్టోబర్ల నియామక పత్రాలు ఇచ్చిండ్రు. నోటిఫికేషన్ నుంచి కొలువు దాకా ఎనిమిది నెలల లోపే. బీఈడీకి రెండేండ్లు. ఖరారైనంక మొదలుపెడ్దమనుకున్నోళ్ళు ఆ పరీక్ష ఎట్ల రాస్తరు? ఏ భరోసా లేని ఆరేండ్లల్ల బీఈడీ, టెట్ చేసి పెట్టుకున్నోళ్ళే రాసిండ్రు. అందరికీ రాలేదు, అది నిజం. రాసేందుకే అర్హత లేనోళ్ళకైతే ఓడిపోయే అవకాశం గూడ దక్కలే.

బాబాసాహెబ్‌ను తలుచుకుందాం. 1917ల బరోడా స్కాలర్‌షిప్ గడువు అయిపోయి లండన్ చదువు నడుమనే ఆగింది. వేరే ఓడల పంపిన పుస్తకాలు సముద్రం పాలైనయి. బరోడాల కొలువుంది గాని ఉండేందుకు ఇల్లియ్యలే. అట్లని ఆయన గుడ్డిగ దూకలే. నాలుగేండ్ల లోపల తిరిగొచ్చేటట్టు యూనివర్సిటీతోని ముందే పర్మిషన్ తీసుకొని వచ్చిండు. 1918ల బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీల ప్రొఫెసర్‌గ చేరి జీతంల పైసలు మిగుల్చుకున్నడు. కొల్హాపూర్ షాహూ మహరాజ్ సాయం తీసుకున్నడు, దోస్తు నావల్ భథేనా దగ్గర అయిదు వేలు అప్పు చేసిండు. 1920ల ఆ ప్రొఫెసర్ కొలువు ఇడిసి లండన్ పోయిండు. డీఎస్సీ డిగ్రీ చేతికొస్తదని ఎవరూ రాసియ్యలే. వచ్చింది 1923ల. పెద్దమనిషీ, ఇది గూడ స్వార్థమేనా?

మన పట్నంల మాదరి భాగయ్య ఉన్నడు, అదే మన భాగ్యరెడ్డి వర్మ. 1906ల జగన్మిత్ర మండలి పెట్టేనాటికి ఆయనకు పద్దెనిమిదేండ్లు. నిజాం రాజ్యంల మన పిల్లలకు బడులు తెరిచిండు. ముందుగాల అంటరానితనం పోనీ, అప్పుడు చదువుకుందామని ఆయన అని ఉంటే మనకు ఈ అక్షరాలు ఏడికెల్లి వస్తుండె?

ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని 2018ల మొదలైంది. ఏండ్ల తరబడి పిల్లర్లు మొండిగ నిలబడ్డయి. అది అయ్యేదాకా మనోళ్ళు పనికి పోవుడు బంద్ చేసిండ్రా? గుంతలల్లనే పోయిండ్రు, గుంతలు పూడ్చుమని లొల్లి చేసుకుంటనే పోయిండ్రు. కొట్లాట, బతుకు ఒకదానికొకటి అడ్డం కావు.

నేనూ కాంట్రాక్ట్ లెక్చరర్‌నే. వచ్చే జూన్‌ల ఉంటనో లేదో నాకే తెల్వదు. తెలుగుల పీహెచ్‌డీ అంటే మా బస్తీల నవ్విండ్రు. ఫ్యాక్టరీల నైట్ షిఫ్ట్ చేసే నాయిన మాత్రం "చదువు, నేనింకా పన్జేస్తున్న గదా" అన్నడు. నా కింద ఉన్న పరుపు ఆ ఒక్క మాటే.

ఆ చెల్లెకు చెప్పింది ఇది. పని ఇప్పుడే ఇడువకు. ముందు ఎడ్‌సెట్ రాయి, దానికి రాజీనామా అక్కరలేదు. సీటొస్తే కాలేజీ టైము, ఫీజు, స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఏం చెయ్యాల్నో కాగితం మీద రాద్దాం. ఇంటి కిరాయికి ఎన్ని నెలలు ఎంత తక్కువ పడ్తదో లెక్క తీద్దాం. డీఎస్సీ రాకపోతే ఏంది అన్నది గూడ అదే కాగితం మీద రాద్దాం. ఆ తక్కువ పడే పైసలు ఆమె ఒక్కదాని బాధ కావద్దు. కొలువులున్న మనమంతా నెలకు ఇంత అని ఏసుకోవాలె. అప్పిస్తమో, ఊకెనే ఇస్తమో తర్వాత మాట్లాడుకుందాం.

2024 డీఎస్సీల కొలువు కొట్టిన తమ్ముళ్ళు, చెల్లెండ్లు, మీ పాత పుస్తకాలు అటక మీద ఉంటే దించుండ్రి. ఉప్పల్, నాచారం, హబ్సిగూడల టెట్‌కు చదివేటోళ్ళు మెసేజ్ పెట్టుండ్రి, ఆదివారాలు నేను తెలుగు చెప్త. ఆమె ఎడ్‌సెట్ ఫారం నింపింది. ఏమైతదో మళ్ళ రాస్త.

జై భీమ్.