ఆరవ సూన: అరణ్యమార్గంలో యాత్రికుని ధర్మం

గృహస్థుని ఇంట ఐదు హింసాస్థానాలున్నాయని మనుస్మృతి చెబుతుంది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ అనే ఈ ఐదింటికి పంచసూనలని పేరు. సూన అంటే వధ జరిగే చోటు. వంట చేసే ఇల్లాలికి గాని, ముంగిలి ఊడ్చేవారికి గాని ప్రాణిని చంపాలనే సంకల్పం లేశమైనా ఉండదు. అయినా ఆ స్థానాలలో క్రిమికీటకాదులు నశిస్తూనే ఉంటాయి. సంకల్పం లేదు గనుక దోషమూ లేదని స్మృతి ఊరుకోలేదు. దోషనివృత్తికై ప్రతిదినం పంచమహాయజ్ఞాలను ఆచరించమని విధించింది. వాటిలో భూతయజ్ఞం సమస్త ప్రాణులకూ వాటి భాగాన్ని సమర్పించేది.

ఈ కాలపు గృహస్థుకు ఆరవ సూన ఒకటి ఏర్పడింది. అది వాహనం. పూర్వపు ఐదు సూనలు ఇంటి గడప దాటవు. ఇది మాత్రం గడప దాటి, ఊరు దాటి, మృగాల నివాసంలోకి ప్రవేశిస్తుంది. అక్కడ జరిగే హింసకు ఏ ప్రాయశ్చిత్తమూ ఎవరూ తలపెట్టడం లేదు.

ఈ విషయం శ్రీశైల యాత్రికులకు మరింత సన్నిహితమైనది. ద్వాదశ జ్యోతిర్లింగాలలో ఒకటైన మల్లికార్జునుని సన్నిధికి హైదరాబాదు నుండి వచ్చినా, దోర్నాల వైపు నుండి వచ్చినా నల్లమల అరణ్యాన్ని దాటక తప్పదు. అది తెలంగాణలో అమ్రాబాద్, ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలుగా విస్తరించిన మహారణ్యం. పులి, చిరుత, ఎలుగుబంటి, కణితి, దుప్పి అక్కడి నివాసులు. రాత్రివేళ పాములు రహదారి మీది వెచ్చదనం కోసం వచ్చి పడుకుంటాయి. వర్షాకాలంలో కప్పలు గుంపులుగా దాటుతాయి. పెద్ద మృగం మరణిస్తే వార్త అవుతుంది. ఈ అల్పప్రాణుల మరణాన్ని గణించేవారు లేరు.

పశుపతి దర్శనానికి పోతూ దారిలో పశుప్రాణాన్ని హరించడం ఎంతటి వైపరీత్యం! చెంచు మల్లన్నగా అడవిబిడ్డల పూజలందుకునే స్వామి ఆయన. సాలెపురుగు, పాము, ఏనుగు చేసిన అర్చనను స్వీకరించి శ్రీకాళహస్తిలో వాటి పేరునే తన పేరుగా ధరించినవాడు. కొత్త వాహనానికి పూజ చేయించి, చక్రాల క్రింద నిమ్మకాయలు తొక్కించి, తనవారి క్షేమాన్ని కోరుకునే భక్తుడు, ఆ చక్రాల ముందుకు రాబోయే ప్రాణి క్షేమాన్ని కూడా కోరుకున్నప్పుడే ఆ పూజ సంపూర్ణమవుతుంది.

“దాని ఆయువు తీరింది, వాహనం నిమిత్తమైంది” అని కొందరు సమాధానపడతారు. ఇది కర్మసిద్ధాంతం కాదు, కర్మసిద్ధాంతం మాటున దాగిన ప్రమాదం. ప్రమాదమనే సంస్కృతపదానికి మొదటి అర్థం ఏమరుపాటు. దుర్ఘటన అనే అర్థం తరువాత వచ్చింది. దశరథుని వృత్తాంతం ఇక్కడ స్మరింపదగినది. సరయూతీరంలో, చీకటిలో, కడవ మునిగే శబ్దాన్ని ఏనుగు తొండపు ధ్వనిగా భ్రమించి ఆయన శబ్దవేధి బాణం విడిచాడు. మునికుమారుని చంపాలనే సంకల్పం ఆయనకు లేదు. తెలియక చేసినందువల్ల ఫలం తగ్గింది గాని తొలగలేదు. పుత్రశోకంతోనే ఆయన ప్రాణం విడిచాడు. కంటికి కనబడని లక్ష్యం మీదికి బాణాన్ని విడవడమే ఆయన చేసిన అపరాధం.

రాత్రి అడవిలో అతివేగంగా నడిపే వాహనం కూడా శబ్దవేధి బాణం వంటిదే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. కన్ను చూసి, కాలు బ్రేకును తాకేలోపే అంత దూరం గడిచిపోతుంది. వేగం రెట్టింపయితే, బ్రేకు పడిన తరువాత ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. దీపకాంతి చేరని చోటున్న ప్రాణి కనబడేసరికి ఆగే అవకాశం ఉండదు. ఆ కాంతికి కళ్లు చెదరిన దుప్పి కదలక నిలబడిపోతుంది. కనుక వేగాన్ని ఎంచుకున్న క్షణంలోనే హింసకు బీజం పడుతుంది. తరువాతిది ఆ బీజానికి ఫలం మాత్రమే.

ఈ కారణం చేతనే నల్లమల మార్గాలలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు రాకపోకలు నిలిపివేసే నియమం ఉన్నది. కర్ణాటకలోని బందీపుర్ అరణ్యమార్గంలోనూ 2009 నుండి ఇటువంటి నిషేధమే అమలులో ఉన్నది. పర్వదినాలు వచ్చినప్పుడల్లా ద్వారాలు తెరవమనే కోరిక వినబడుతుంది. 9 గంటలలోపు గేటు దాటాలనే తొందరలో వేగం పెంచేవారూ ఉన్నారు. ఆ తొందర నియమాన్ని అక్షరంలో పాటించి, భావంలో భంగపరచడమే. ఆలయంలో కవాటబంధనం జరిగితే భక్తుడు వినమ్రంగా తెల్లవారేవరకు వేచి ఉంటాడు. అరణ్యానికీ ఏకాంతసేవ ఉన్నదని భావిస్తే ఆ నిరీక్షణ భారం కాదు.

రాజధర్మం కూడా ఇందులో ఉన్నది. పెంచ్ అరణ్యం గుండా సాగే 44వ జాతీయ రహదారిని విస్తరించినప్పుడు, మహారాష్ట్ర భాగంలో మృగాలు దాటడానికి వీలుగా 9 వంతెనలు, అధోమార్గాలు నిర్మించారు. వాటి క్రింది నుండి పులులు సైతం దాటడం కెమెరాలలో నమోదయింది. దారి చూపితే మృగం ఆ దారిన నడుస్తుంది. అటువంటి నిర్మాణాలను ప్రభుత్వాల నుండి కోరవలసినవారిలో భక్తులు ముందుండాలి. అంతవరకు తమ వంతు ఆచరణను వాయిదా వేయరాదు.

ఆ ఆచరణ కష్టసాధ్యమైనది కాదు. అరణ్యభాగాన్ని పగటివేళ దాటేటట్లు ప్రయాణాన్ని నిర్ణయించుకోవడం, సూచించిన వేగపరిమితికి లోబడి నడపడం, ఒక దుప్పి దాటితే వెనుక మరొకటి వస్తుందని ఎరిగి ఆగడం. కోతులకు దారిపక్కన ఆహారం విసరకుండా ఉండటం కూడా దయయే. ఆ ఆహారమే వాటిని చక్రాల వద్దకు రప్పిస్తుంది. దురదృష్టవశాత్తు ఏదైనా ప్రాణికి గాయమైతే పారిపోక, సమీపంలోని అటవీశాఖ చెక్‌పోస్టుకు తెలియజేయడం. ఇవన్నీ కలిసి ఆరవ సూనకు తగిన భూతయజ్ఞమవుతాయి.

శ్రీశైల శిఖరదర్శనంతో పునర్జన్మ ఉండదని భక్తుల విశ్వాసం. ఆ శిఖరానికి పోయే దారిలో మరొక ప్రాణి జన్మను అర్ధాంతరంగా ముగించకుండా ఉండటం ఆ విశ్వాసానికి తగిన యోగ్యత. యాత్ర గర్భాలయంలో ఆరంభం కాదు. అడవి మొదలయ్యే చోట కాలు యాక్సిలరేటరు మీది నుండి తొలగిన క్షణంలోనే ఆరంభమవుతుంది.