మెరుపు కాని మెరుపు

మన ఉన్నత పాఠశాలల రసాయనశాస్త్రపు బీరువాలలో మెగ్నీషియం సల్ఫేటు సీసా సాధారణముగా ఉండును. ఇంగ్లండులో ఎప్సమ్ అను ఊరి బుగ్గనీటినుండి మొదట లభించుటచే దానిని ఎప్సమ్ లవణమనిరి. మన పెద్దలకది భేదిఉప్పుగా పరిచితము. అదే లవణము పరిశుద్ధమైన సూదిమందై గర్భిణీస్త్రీలను మృత్యుముఖమునుండి మరలించుచున్నదని విద్యార్థులకు చెప్పు ఉపాధ్యాయులు కొలదిమందియే అని నా అనుమానము.

గర్భము 20 వారములు దాటిన పిమ్మట రక్తపుపోటు 140/90కి పెరిగి, మూత్రమున మాంసకృత్తులు కానవచ్చుట ఈ జబ్బు సాధారణరూపము. పోటు 160/110 చేరినచో అది తీవ్రము. తగ్గని తలనొప్పి, కన్నులు మసకబారుట, కడుపు పైభాగమున నొప్పి, పిదప మూర్ఛ. పల్లెలలో దీనిని గుర్రపువాతమందురు. వైద్యులు వాడు ఎక్లాంప్సియా అను పేరు మెరుపును సూచించు గ్రీకుపదమునుండి వచ్చినది. పేరు అందమైనదే కాని, నా దృష్టిలో అది మనలను తప్పుదారి పట్టించుచున్నది. మెరుపు చెప్పి రాదు. ఈ వ్యాధి చాలమందికి చెప్పియే వచ్చును. చేతికి చుట్టు పట్టీయు, మూత్రపరీక్షయు ఉన్నచోట ఆ మాట వినిపించును.

1995లో ఫలితములు వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో మన దేశపు స్త్రీలు కూడ ఉండిరి. మూర్ఛ వచ్చినవారికి అది మరల రాకుండ చేయుటలో డయాజిపామ్, ఫెనిటాయిన్ మందులకంటె ఈ ఉప్పే మేలని తేలినది. 2002లో 33 దేశములలో పదివేలమందికి పైగా గర్భిణులపై జరిగిన పరిశోధన, ముందుగనే ఇచ్చినచో మూర్ఛ భయము సగమునకు పైగా తగ్గునని చూపినది. శిశుమరణములు మాత్రము స్పష్టముగా తగ్గలేదు.

శిశువు కష్టము వేరు. మావికి రక్తము చాలక బిడ్డ ఎదుగుదల కుంటుపడును. వ్యాధికి నిజమైన విరుగుడు ప్రసవమే గనుక, తల్లిని కాపాడుటకు బిడ్డను నెలలు నిండకుండగనే బయటికి తీయవలసివచ్చును. బిడ్డ ఊపిరితిత్తులు పక్వమగుటకు తల్లికిచ్చు స్టీరాయిడు సూదులు పనిచేయుటకు ఒకటి రెండు దినముల వ్యవధి కావలెను. ఆ రెండు దినములు దొరకునా లేదా అనునది, జబ్బును ఎప్పుడు కనిపెట్టిరను దానిపై చాలవరకు ఆధారపడును.

ఇక్కడనే మన ఆచారమొకటి అడ్డు వచ్చుచున్నది. తొలిచూలు స్త్రీలకు ఈ వ్యాధి హెచ్చు. తొలికాన్పునకే మనము ఆడపిల్లను పుట్టింటికి తీసుకొనిపోవుదుము. అదియు ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో, పోటు పెరుగు కాలముననే. సీమంతపు చీరయు గాజులును వెంట వచ్చును. పోటు వ్రాసిన కార్డు అత్తవారింటి పెట్టెలో ఉండిపోవును. మొదట 100 ఉన్న అంకె ఇప్పుడు 138 ఐనదని పుట్టింటి ఊరి వైద్యురాలికి ఎట్లు తెలియును? ఆచారము మానుమనుట లేదు. తల్లిచేతి అన్నము తినవలెననిపించని గర్భిణి ఉండదు. ఆ చీరతోపాటు కార్డును కూడ మూటగట్టవలెను. బడికి పోవు తమ్ముడైనను ఆ అంకెలు చదివి చెప్పగలడు.

బిడ్డ పుట్టినంతనే గండము గడచెనని అందరు నిశ్చింతపడుదురు. మూర్ఛ ప్రసవానంతరమున, ఇల్లు చేరిన పిమ్మట కూడ రావచ్చును. బాలింత తలనొప్పి యన్నచో గాలి సోకినదని చెవులలో దూది పెట్టి పడుకొనబెట్టుదురు. ఆమె పోటు చూడవలసినది ఆ రాత్రియే.