మొదటి పేజీలో నేరం, లోపలి పేజీలో న్యాయం

విద్యార్థులు వీధిలోకి వచ్చిన మరునాడు మన దినపత్రికలు ఏమి వ్రాస్తాయో ముందుగానే చెప్పవచ్చు. ప్రాంగణం ‘రణరంగం’ అవుతుంది. నగరం ‘అట్టుడుకుతుంది’. ‘పరిస్థితి అదుపు తప్పడంతో’ పోలీసులు ‘లాఠీలకు పని చెబుతారు’. పరిస్థితి తనంత తానే అదుపు తప్పుతుంది, లాఠీ తనంత తానే లేస్తుంది. దెబ్బలు తిన్న విద్యార్థికి మాత్రం ఆ వార్తలో నోరు ఉండదు. రణరంగమంటే ఇరువైపులా ఆయుధాలుండాలి. ఒకవైపు ప్లకార్డులు, మరొకవైపు బాష్పవాయు గోళాలు ఉన్న చోటును రణరంగమనడం సత్యానికీ, భాషకూ కూడా అపచారమే.

మేము ఊహించి చెబుతున్న మాటలు కావివి. పౌరసత్వ సవరణ చట్టంపై నిరసనలు సాగుతున్న రోజులలో, 2019 డిసెంబరు 15న, ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా విశ్వవిద్యాలయంలోకి పోలీసులు ప్రవేశించారు. తమ అనుమతి లేకుండానే వచ్చారని వైస్‌ ఛాన్సలరే ప్రకటించారు. ఆనాడు ఆ పరిసరాలలో బస్సులు తగులబడిన మాట నిజం. దానిని వ్రాయవద్దని మేము అనడం లేదు. ఆ నిప్పు పెట్టినదెవరో తేలకముందే దానిని విద్యార్థుల ఖాతాలో జమ కట్టడమే మా అభ్యంతరం. రెండు రోజుల తరువాత ఆ హింసకు సంబంధించి 10 మందిని అరెస్టు చేశామని, వారిలో విద్యార్థులెవరూ లేరని పోలీసులే చెప్పారు. కాలుతున్న బస్సు బొమ్మకు దక్కిన చోటు ఈ మాటకు ఎన్ని పత్రికలలో దక్కింది?

2020 ఫిబ్రవరిలో ఆ రాత్రి గ్రంథాలయ దృశ్యాలు బయటపడ్డాయి. బల్లల ముందు కూర్చున్న విద్యార్థులపై లాఠీలు పడడం దేశమంతా చూసింది. అల్లరి చేసినవారిని తరుముతూ లోపలికి వెళ్లామన్నది పోలీసుల వాదన. ఆ వాదనను ప్రచురించవలసిందే. అయితే ఆ పుస్తకాల నడుమ దెబ్బలు తిన్నవారి వాదన రెండు నెలలు ఎందుకు వేచి ఉండవలసి వచ్చింది? కెమెరా సాక్ష్యం చెప్పేదాకా విద్యార్థి సాక్ష్యం చెల్లదా?

తదనంతర చరిత్ర మరింత విచారకరం. ఢిల్లీ అల్లర్ల కుట్ర కేసులో 2020లో అరెస్టయిన ఒక జామియా విద్యార్థికి, ఇద్దరు జేఎన్‌యూ పరిశోధక విద్యార్థినులకు ఢిల్లీ హైకోర్టు 2021 జూన్‌ 15న బెయిలు ఇచ్చింది. నిరసన హక్కుకూ ఉగ్రవాద చర్యకూ మధ్య గీత చెరిగిపోతున్నదన్న ఆందోళన ఆ ఉత్తర్వులో వ్యక్తమయింది. జామియా హింస కేసులో 2023 ఫిబ్రవరిలో కింది కోర్టు 11 మందిని అభియోగాల నుంచి తప్పించగా, మార్చిలో హైకోర్టు ఆ ఉత్తర్వును చాలావరకు మార్చింది. న్యాయమూర్తులే సంవత్సరాల తరబడి తర్కించి భిన్నాభిప్రాయాలకు వచ్చిన విషయాన్ని పత్రికలు ఒక్క రాత్రిలో, అచ్చుకు వెళ్లే గడువులోపల, తేల్చివేశాయి. అరెస్టు మొదటి పేజీలో బొమ్మతో వస్తుంది. బెయిలు లోపలి పేజీలో, టెండరు ప్రకటనల పక్కన, నాలుగు వరుసలలో ముగుస్తుంది.

దశాబ్దాలపాటు ప్రభుత్వ కార్యాలయాలలో దస్త్రాలు నడిపినవారము మేము. ఒక అటెండరుపై చర్య తీసుకోవాలన్నా ముందు షోకాజ్‌ నోటీసు ఇవ్వాలి, అతని సంజాయిషీని దస్త్రంలో చేర్చాలి. అది లేని ఉత్తర్వు నిలువదు. పత్రికా కార్యాలయంలో మాత్రం ‘పోలీసు వర్గాల భోగట్టా’ అన్న ఒక్క ముక్కతో ఒక యువకుని జీవితంపై తీర్పు వ్రాయవచ్చునా?

తెలుగునాట విద్యార్థి ఉద్యమాలు కొత్తవి కావు. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం, 1972లో జై ఆంధ్ర కోసం విద్యార్థులు వీధులకెక్కారు. 2009లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉద్యమానికి ఊపిరైంది. ఆ రోజులలోనూ రాళ్లు పడ్డాయి, బస్సులు కాలాయి. అయినా 1969 అమరులకు గన్‌పార్కులో స్తూపం ఉంది, పత్రికలు ఏటా వారిని స్మరిస్తాయి. అది న్యాయమే. మా ప్రశ్న ఒక్కటే. సొంత రాష్ట్రం కోరిన విద్యార్థి ఉద్యమకారుడైతే, రాజ్యాంగం ముందు సమానత్వం కోరిన విద్యార్థి కుట్రదారుడెలా అవుతాడు? పేరు ముస్లిం పేరైనంత మాత్రాన నినాదానికి అర్థం మారుతుందా? సహాయ నిరాకరణ పిలుపు అందుకొని చదువులు వదిలి వచ్చిన విద్యార్థులు, అధ్యాపకులతోనే 1920లో జామియా అలీగఢ్‌లో పుట్టిందన్న సంగతి ఎంతమంది ఉపసంపాదకులకు గుర్తుంది?

సంపాదకులను మేము దయ కోరడం లేదు, పద్ధతి కోరుతున్నాము. పోలీసుల కథనంతోపాటు విద్యార్థుల కథనాన్ని అదే రోజు, అదే పేజీలో ఇవ్వండి. ఆరోపణను ఆరోపణ అనే వ్రాయండి. నిందకు ఇచ్చిన చోటే నిర్దోషిత్వానికీ ఇవ్వండి. అన్నిటికంటే ముందు, విద్యార్థులు ఏమి కోరుతున్నారో ఒక్క వాక్యంలోనైనా పాఠకునికి చెప్పండి.

ఇక పాఠక మహాశయులకు ఒక విన్నపం. టీ కొట్టు దగ్గర పత్రికను తిట్టి మడిచి పెట్టడం వలన ప్రయోజనం లేదు. తప్పుడు వార్తను కత్తిరించి తేదీతో భద్రపరచండి. ముందుగా సంపాదకునికి లేఖ వ్రాసి నకలు ఉంచుకోండి. సవరణ రాకపోతే, దినపత్రిక విషయంలో వార్త వెలువడిన రెండు నెలలలోపు భారత ప్రెస్‌ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. 1978 చట్టం ప్రకారం ఆ సంస్థ జరిమానా విధించలేదు, కాని హెచ్చరించగలదు, అభిశంసించగలదు. అంతేనా అని చప్పరించవద్దు. మన బిడ్డలపై వ్రాసిన అబద్ధానికి ఎదురుగా ఒక అధికారిక పత్రం ఉండడం చిన్న విషయం కాదు. ఉద్యోగాలిచ్చేవారు, అద్దెకు ఇల్లు ఇచ్చేవారు రేపు వెతికేది పాత వార్తలనే. అక్కడ వారికి మన జవాబు కూడా కనిపించాలి.