చేనుకు కంచె – ప్రోగ్రాముకు తనిఖీ

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి, ముండ్లమూరు)

నేడు కంప్యూటరు గడప తొక్కకుండా రైతు పని ఏదీ జరగడం లేదు. పంట నమోదుకు ఆధార్, పింఛనుకు వేలిముద్ర, ఎరువుల బస్తాకు మళ్ళీ వేలిముద్ర. మా ముండ్లమూరులో మా నాయన ఆ నంబరు అడిగిన ప్రతిచోటా చెబుతాడు. అది ఎక్కడికి పోతుందో, ఎవరు దాస్తున్నారో ఆయనకు తెలియదు. పోనీ, ఆ ప్రోగ్రాములు వ్రాసేవాళ్ళకైనా తెలుసా? రేపు వాటిని వ్రాయబోయేది మనమే. అందుకే ఈ ప్రశ్న మనల్నే అడుగుతున్నాను.

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఎవరు చూసినా కనిపించాయి. పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టిన తర్వాతనే తీసివేశారు. అంతకు ముందు 2017 మే నెలలో బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ, నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయట కనిపిస్తున్నాయని నివేదిక ఇచ్చింది. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది మరొకటి. ఇక్కడ తాళం పగలగొట్టిన దొంగ ఎవడూ లేడు. తలుపే తీసి ఉంది! దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత మనకు ఊరికే రాలేదు.

మరి కుక్క ముందే మొరగాలంటే ఏం చేయాలి? ప్రోగ్రాములో మార్పు చేసిన ప్రతిసారీ, అది అసలు దానిలో కలవక ముందే, ఒక యంత్రం దానిని చదివి తప్పు పట్టుకునేలా ఏర్పాటు చేయాలి. దీనినే ఆటోమేటిక్ సెక్యూరిటీ స్కానింగ్ అంటున్నారు. ఇందులో ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి.

మొదటిది, ప్రోగ్రాములో మరచి వదిలేసిన పాస్‌వర్డ్‌లను, రహస్య తాళాలను వెతకడం. రెండవది, మనం బయటనుండి తెచ్చుకున్న లైబ్రరీలలో తెలిసిన లోపాలున్నాయేమో చూడడం. విత్తనం ఎంత పేరున్న కంపెనీదైనా లేబులు చూడకుండా చల్లం గదా! లక్షల ప్రోగ్రాములు వాడుకునే లాగ్‌ఫోర్‌జె అనే ఒక్క లైబ్రరీలో 2021 డిసెంబరులో లొసుగు బయటపడేసరికి ప్రపంచమంతా నిద్ర మానుకుని, అది తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో వెతుక్కోవలసి వచ్చింది. మూడవది, మనం స్వయంగా వ్రాసిన వరుసలను చదవడం. ఫారంలో ఎవరో టైపు చేసిన మాట నేరుగా డేటాబేసు ఆజ్ఞలోకి పోతుంటే, సెమ్‌గ్రెప్, కోడ్‌క్యూఎల్ వంటివి పట్టుకుంటాయి. నాలుగవది, నడుస్తున్న ప్రోగ్రాము చుట్టూ తిరిగి ప్రతి తలుపూ తట్టి చూడడం. జాప్ అనే సాధనం ఈ పని చేస్తుంది.

డబ్బు లేదనే సాకు ఇక్కడ చెల్లదు. గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన ప్రాజెక్టులకు మొదటి మూడు రకాలూ ఉచితం. జాప్ కూడా ఉచితమే. చిన్న ప్రాజెక్టుకైతే ఒక మధ్యాహ్నం చాలు.

"మనది కాలేజీ ప్రాజెక్టు, దీన్నెవడు దోచుకుంటాడు?" అంటారు కొందరు మిత్రులు. కాని చేతికి పట్టిన అలవాటు డిగ్రీ కాగితంతో పాటు మారదు. ఇక్కడ కోడ్‌లో పాస్‌వర్డ్ వదిలినవాడు రేపు ఉద్యోగంలోనూ వదులుతాడు. ఇంకొందరు "అది మరీ ఎక్కువ మొరుగుతుంది" అంటారు. ఇది నిజమే. పాత ప్రాజెక్టు మీద మొదటిసారి స్కాన్ పెడితే వందల హెచ్చరికలు వచ్చి పడవచ్చు. అందులో సగం ఉత్తవే కావచ్చు. అంతమాత్రాన కుక్కను తరిమేస్తామా? కొత్తగా వచ్చే పెద్ద తప్పులను మాత్రం మొదటిరోజు నుంచే ఆపాలి. పాతవాటిని జాబితా వేసి వారానికి కొన్ని తీర్చాలి. వదిలేసిన ప్రతిదానికీ ఎందుకు వదిలామో ఒక్క వాక్యం వ్రాయాలి.

అయితే యంత్రం పెట్టి నిశ్చింతగా పడుకోవచ్చా? కూడదు. అమెరికాలో ఈక్విఫాక్స్ అనే కంపెనీ జనం అప్పుల చరిత్రను దాస్తుంది. 2017 మార్చిలో అది వాడుతున్న స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేరులో లొసుగు బయటపడింది, దానికి మందూ వచ్చింది. కంపెనీ స్కాన్ చేయించింది కూడా. కాని ఆ స్కాన్‌కు లొసుగు దొరకలేదు. అందులోంచి దూరినవాళ్ళు దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు. కంచె వేయడం ఎంత ముఖ్యమో, చుట్టూ తిరిగి కంత ఎక్కడుందో చూసుకోవడమూ అంతే ముఖ్యం.

మన గృహ నిర్మాణ సంస్థ సంగతే తీసుకోండి. ఏ పేజీ ఎవరు చూడవచ్చునో ఎవడో ఒకడు చెప్పకపోతే యంత్రానికి తెలియదు. అది మనిషి తేల్చవలసిన విషయం. తేల్చిన తర్వాత మాత్రం దానిని కూడా యంత్రానికి అప్పగించవచ్చు. "లాగిన్ లేకుండా లబ్ధిదారుల పేజీ తెరుచుకుంటే పని ఆపు" అని నాలుగు వరుసల పరీక్ష వ్రాసిపెడితే, మార్పు చేసిన ప్రతిసారీ అది అలుపు లేకుండా అడుగుతూనే ఉంటుంది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారానికి తగిన భద్రత కల్పించనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చునంటుంది. జరిమానా పడ్డా బయటపడ్డ ఆధార్ నంబరు మాత్రం తిరిగి రహస్యం కాదు. చట్టం మొరిగేది దొంగలు పడ్డాకనే.

కాబట్టి మా లెక్చరర్లకు ఒక మనవి. ప్రాజెక్టు రికార్డులో స్కాన్ నివేదికను కూడా అడగండి. తప్పులు లేనందుకు కాదు, దొరికినవాటిని ఎలా సరిదిద్దామో చూసి మార్కులు వేయండి. పూర్వ విద్యార్థులలో ఈ రంగంలో ఉన్నవారు ఏడాదికి ఒక్కరోజు వచ్చి మాకు చేసి చూపించండి. మిత్రులారా, మనం వ్రాసే ప్రతి ఫారంలో ఏదో ఒకనాడు మన ఊరి రైతు తన నంబరు నింపుతాడు. ఆయన మనల్ని నమ్మి ఇస్తున్నాడు. ఆ నమ్మకానికి కాపలా కాయడం కూడా మన చదువులో భాగమే.