చీటీ మీది మాట తల్లికి తెలియాలి

ఏడాది నిండినా పిల్లవాడు కూర్చోడు. ఎత్తుకుంటే కాళ్లు కత్తెర వేసినట్లు ఒకదానిమీదికొకటి వస్తాయి. పెద్దాసుపత్రికి తీసుకుపోతే చీటీ మీద "స్పాస్టిసిటీ" అని రాసి వ్యాయామం చేయించమంటారు. ఊళ్లో ఎవరిని అడిగినా పోలియో అంటారు.

మన దేశంలో ఆఖరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో బయటపడింది. అయినా ఆ పేరు మాత్రం పల్లెల్లో పోలేదు. పోలియోలో కాలు చచ్చుబడి వేలాడుతుంది. స్పాస్టిసిటీలో కండరం బిగుసుకుపోతుంది. లోపం కాలిలో లేదు, కండరాన్ని నడిపించే మెదడులో ఉన్నది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. గ్రహణాన్నీ, తల్లినీ ఆడిపోసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. "హైపోటోనియా" అని రాస్తే దీనికి వ్యతిరేకం. బిడ్డ మెత్తగా, చేతుల్లోంచి జారిపోతున్నట్లుంటాడు.

భయపడవలసిన మాట "కాంట్రాక్చర్". బిగిసిన కండరం చాలాకాలం అలాగే ఉంటే పొట్టిదైపోయి, కీలు పూర్తిగా చాపడానికి రాదు. ఆ దశకు వస్తే సిమెంటుకట్లు, ఒక్కొక్కసారి ఆపరేషనూ తప్పవు. "స్ట్రెచింగ్" చేయించమనేది అది రాకూడదనే. అంటే కండరాన్ని మెల్లగా సాగదీసి కాసేపు అలాగే పట్టి ఉంచడం. నూనె మర్దన దానికి బదులు కాదు. బలవంతంగా గుంజితే ఎముక విరిగే ప్రమాదమున్నది. ఈ తేడా తెలియకనే రెండుసార్లు వెళ్లి మానేసేవారున్నారు. బస్సు చార్జీలు, పోయిన కూలి సరేసరి.

"స్ప్లింట్" కథ మరీ విచారకరం. పాదం వంకరపోకుండా పట్టి ఉంచే ఆ తొడుగు పిల్లవాడు ఏడ్చాడని అటకెక్కుతుంది. విప్పిన తరువాత ఎర్రని మచ్చ చాలాసేపు పోకపోతే తొడుగును సరిచేయించుకోవాలి గాని మానేయకూడదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను ఉచితంగా పరీక్షించి చికిత్సకు పంపాలి. పథకం మంచిదే. కాని ఇంగ్లీషు చీటీ చేతికిచ్చి పంపితే సగం పనే అయినట్లు. రోజుకెన్నిసార్లు చేయాలో, ఏది చేయకూడదో తెలుగులో రాసివ్వడానికి రెండు నిమిషాలు చాలు. ఇంటికి పంపేముందు తల్లిచేత ఒకసారి అక్కడే చేయించి చూడాలి. అలా చూపించమని అడిగే హక్కు తల్లికి ఉన్నది.