సెలవుల్లో వాడిన కొత్త ఫోను – నా అభిప్రాయం



దసరా సెలవులు అయిపోయి హాస్టలుకు వచ్చినప్పటి నుండి మన గదుల్లో ఒకటే మాట. "మీ ఇంట్లో ఏ ఫోను? కెమెరా ఎంత? ర్యామ్ ఎంత?" ఎక్కువ నంబరు చెప్పినవాడు గొప్ప, తక్కువ చెప్పినవాడు మూలకు. మా ఇంట్లో కూడా 2025 దసరాకు ముందు ఒక ఆండ్రాయిడ్ ఫోను కొన్నారు. పది రోజులు దాన్ని బాగా వాడినాను. నాకు తెలిసింది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

ముందే ఒక మాట. ఆ ఫోను నేను హాస్టలుకు తేలేదు. తాండాలో మా అమ్మ దగ్గరే ఉంది. కాబట్టి సారు నా ట్రంకు పెట్టె వెతకాల్సిన పని లేదు. కంపెనీ పేరు కూడా రాయను. పేరు రాస్తే ఇది అభిప్రాయం కాదు, ప్రచారం అవుతుంది.

ధర గురించి

ఫోను ధర 13,999 రూపాయలు. పత్తికొండలో కొన్నాము. అంగడాయన "ఇది మధ్యరకం" అన్నాడు. ఎవరికి మధ్యరకం అని ఆ రోజు నాకు తోచలేదు. ఇంటికొచ్చి లెక్క వేసినాను. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. 13,999ని 307తో భాగిస్తే 45.6 వస్తుంది. అంటే ఒక మనిషి 46 రోజులు మట్టి తవ్వితే ఒక ఫోను. ఆ ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంది. అది 2,135 రూపాయలు. 46 రోజుల్లో ఏడు రోజుల కూలి పన్నుకే పోయింది.

ఇంకొక లెక్క. రీచార్జి నెలకు కాదు, 28 రోజులకు. ఏడాదికి 12 సార్లు అనుకుంటాము, కానీ 365ని 28తో భాగిస్తే 13 సార్లు వేయించాలి. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే రీచార్జికి ఒకసారికి దగ్గర దగ్గర ఒక రోజు కూలి పోతుంది. గణితం సారు చెప్పిన భాగహారం నాకు ఇక్కడ బాగా పనికొచ్చింది.

ఎందుకు కొన్నారు?

మాది సుగ్గికి పోయే ఇల్లు. సంక్రాంతి దాటినాక అమ్మానాయనా గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోతారు. 2025లో ఇంట్లో ఉన్న ఒక్క కీప్యాడ్ ఫోనును అవ్వ దగ్గర వదిలిపెట్టి పోయినారు. వాళ్లతో మాట్లాడాలంటే మేస్త్రీ ఫోనే దిక్కు. ఆయన చేను గట్టున ఉంటే వాళ్లు గుడిసెలో, వాళ్లు గుడిసెలో ఉంటే ఆయన ఇంకెక్కడో. ఆ ఫిబ్రవరిలో వాళ్లతో పోయిన మా చెల్లెలికి జ్వరం వచ్చి మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. నాకు ఎప్పుడు తెలిసింది? ఉగాదికి వాళ్లు తిరిగి వచ్చినాక. ఆ మూడు రోజులూ నేను ఇక్కడ వాలీబాల్ ఆడుకుంటూ ఉన్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ బాధ.

అందుకే సుగ్గి డబ్బులో మిగిలించి ఈ ఫోను కొన్నారు. నేను అమ్మతో, "కీప్యాడ్ ఫోను ఇంకొకటి కొంటే పదిహేను వందలకే వస్తుంది కదా యాడీ" అన్నాను. ఆమె, "మాట వినపడితే సాల్దురా, నీ మొగం సూడనీకి" అనింది. నేనింకేం మాట్లాడలేదు.

కాబట్టి ఈ ఫోను మంచిదా కాదా అని చెప్పడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. మా అమ్మ సుగ్గిలో ఉండి దీంట్లో నా మొగం చూడగలదా?

పెట్టె మీద నంబర్లు

పెట్టె మీద "50 మెగాపిక్సెల్" అని పెద్దగా వేసినారు. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. 50 అంటే 5 కోట్లు. కానీ సెట్టింగు మార్చకుండా ఫోటో తీస్తే ఫోను నాలుగేసి చుక్కలను ఒకటిగా కలిపి 1 కోటి 25 లక్షల చుక్కల ఫోటోనే దాస్తుంది. తక్కువ వెలుతురులో కూడా బొమ్మ బాగా రావాలని అట్లా చేస్తారు. ఇది మోసం కాదు, కానీ మనం పోట్లాడుకునే 50కి అర్థం అంతే. పైగా అది వెనక కెమెరా. వీడియో కాల్‌లో మొగం చూపించేది ముందర కెమెరా. అది 8 మాత్రమే. పగలు బాగుంది. రాత్రి మా రేకుల ఇంట్లో ఒక బల్బు వెలుతురుకు మొగం మసకగా వచ్చింది.

ర్యామ్ దగ్గర "6+6, మొత్తం 12" అని ఉంది. రెండో 6 నిజమైన ర్యామ్ కాదు. ఫోటోలు, పాటలు దాచుకునే చోటు నుండి తీసుకున్న బదులు. ఆ చోటు ర్యామ్ అంత వేగంగా పని చేయదు. బదులు తెచ్చిన శెనక్కాయలను మన చేను పంట అని చెప్పుకున్నట్టు ఉంది.

తెర సెకనుకు 120 సార్లు మారుతుందని ఇంకొక గొప్ప. వేలితో జరిపితే నూనె రాసినట్టు జారుతుంది, నిజమే. మామూలు ఫోన్లకు ఇది 60. నేను 60కి తగ్గించి పెట్టినాను. అమ్మకు తేడా తెలియలేదు, బ్యాటరీ మాత్రం కొంచెం ఎక్కువ నిలబడింది.

"5జీ" అని కూడా ఉంది. మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. మా తాండాకు ఇంకా రాలేదు. 4జీ కూడా ఇంట్లోకి రాదు, చింతచెట్టు దగ్గర గట్టు ఎక్కితే వస్తుంది. మీకు తెలుసు, తొలకరి పడినాక జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం తల వంచుకొని వజ్రాలు వెతుకుతారు. మేము ఏడాది పొడుగునా తల పైకెత్తి సిగ్నల్ వెతుకుతాము. వాళ్లకైనా ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది అని నాయన నవ్వినాడు.

పెట్టె మీద లేని సంగతులు

బ్యాటరీ 5000 ఎంఏహెచ్. దీనికి మాత్రం నేను మంచి మార్కులు వేస్తాను. మాటలకే వాడితే రెండు రోజులు వచ్చింది. కరెంటు పోయే తాండాకు, సుగ్గి గుడిసెకు అన్నిటికంటే ముందు కావాల్సింది ఇదే.

ఫోను తెరవడానికి వేలిముద్ర పెట్టవచ్చు. నా వేలు పెడితే టక్కున తెరుచుకుంది. అమ్మ వేలు పెడితే తెరుచుకోలేదు. తుడిచి పెట్టినాం, రెండో చెయ్యి పెట్టినాం, నూనె రాసి పెట్టినాం. లేదు. రాళ్లు మోసి, కాయలు కోసి ఆమె వేలి గీతలు అరిగిపోయినాయి. "రేషను మిషను కూడా నన్ను ఇట్లే ఎవరో అంటుందిలే" అని ఆమె నవ్వింది. ఆమె కష్టంతో కొన్న ఫోను, ఆ కష్టం వల్లనే ఆమెను గుర్తు పట్టలేదు. ఇంట్లో అందరూ నవ్వుతుంటే నాకు మాత్రం నవ్వు రాలేదు. తరువాత నాలుగు అంకెల గుర్తు పెట్టినాము. అమ్మకు చదువు రాకపోయినా నోట్ల మీద, బస్సుల మీద చూసి అంకెలు తెలుసు. రెండు రోజుల్లో నేర్చుకుంది.

తెలుగు భాష ఉంది. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. నోటితో చెప్తే అదే తెలుగులో రాస్తుంది, ఇది నాకు చాలా నచ్చింది. కానీ అవ్వ మన లంబాడీ మాటల్లో చెప్తే అది తెలుగు అనుకొని ఏవేవో రాసింది. చదివి వినిపిస్తే అవ్వ, "దానికంటే మన మేక నయం, పిలిస్తే వస్తుంది" అనింది.

ఎవరు చేసినారు?

పెట్టె వెనక "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంది. మన రాష్ట్రంలో కూడా ఫోన్లు తయారైనాయి. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ వాళ్ల ఫ్యాక్టరీలో షావోమీ కంపెనీకి చేసిన రెడ్‌మీ 2 ప్రైమ్ అనే ఫోనును 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో విడుదల చేసినారు. అప్పటి ధర 6,999. ఆ ఫ్యాక్టరీలో బిగించే పని చేసేవాళ్లలో ఎక్కువ మంది పల్లెల నుండి వచ్చిన ఆడపిల్లలే. కాబట్టి ఫోను మాయ వస్తువు కాదు. మన అక్కల వంటి వాళ్ల చేతులు బిగించిన వస్తువు. నంబర్లు చెప్పి ఒకరినొకరు చిన్నబుచ్చుకోవడం మాని, అది ఎట్లా పని చేస్తుందో నేర్చుకుంటే మనలో కొందరు రేపు దాన్ని తయారు చేసే ఇంజనీర్లు కావచ్చు.

నా తప్పు

ఇప్పుడు నా సంగతి. ఆ ఫోనులో ఒక చోట మనం రోజుకు ఎంతసేపు చూసినామో లెక్క ఉంటుంది. సెలవుల చివరి రోజు తెరిచి చూసినాను. సగటున రోజుకు 4 గంటల 20 నిమిషాలు. పది రోజులకు 43 గంటల 20 నిమిషాలు. ఎక్కువ భాగం చిన్న చిన్న వీడియోలు. ఏం చూసినావు అని ఎవరైనా అడిగితే నాలుగు కూడా గుర్తు లేవు. సైన్సు సెలవు పని రెండు పేజీలు రాసి ఆపినాను. నాయనతో చేనుకు ఒక్క పూట పోయినాను. అమ్మ 46 రోజులు కష్టపడి కొన్నదాన్ని నేను అట్లా వాడినాను. ఇది చెప్పకుండా కింద మనవి రాస్తే అది నిజాయితీ కాదు.

నా అభిప్రాయం, మనవి

హాస్టలులో పిల్లలు సొంత ఫోన్లు పెట్టుకోకూడదు అనే నియమం మంచిదే. కొందరు మిత్రులకు కోపం రావచ్చు. కానీ పది రోజుల్లో నాకే అంత అయితే ఏడాదికి ఎంత అవుతుందో లెక్క వేసుకోండి.

అయితే మా అమ్మ నా మొగం చూడాలని ఫోను కొనింది. ఇక్కడ నా మొగం చూపించే ఫోను లేదు. సగం వంతెన కట్టినట్టు అయింది. మన హాస్టలుకు అందరికీ కలిపి ఒక్క ఫోను ఉండాలని నా మనవి. అది సారు దగ్గరే ఉండాలి. సారు సొంత ఫోనులో అప్పుడప్పుడు మాట్లాడిస్తున్నారు, అది వారి మంచితనం. కానీ ఎవరి మంచితనం మీదనో కాకుండా ఒక పద్ధతి ప్రకారం జరిగితే బాగుంటుంది. సుగ్గికి పోయిన ఇళ్ల పిల్లలకు ముందు అవకాశం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, రిజిస్టరులో సంతకం. నలభై మంది అనుకుంటే 200 నిమిషాలు, అంటే 3 గంటల 20 నిమిషాలు. శనివారం సాయంత్రం సగం, ఆదివారం సగం పెడితే చదువుకు అడ్డం రాదు. వరుస చూసే పని తరగతికి ఒక లీడరు చేస్తాడు. ఆ ఫోనులో వీడియోలు, ఆటలు ఏవీ ఉండకూడదు.

ఆత్మకూరు దిక్కు నల్లమల గూడేల నుండి వచ్చిన చెంచు మిత్రులు, "మా గూడెంలో ఎంత మంచి ఫోనుకైనా సిగ్నల్ రాదు" అన్నారు. అది నిజం. వాళ్ల అమ్మానాయనలు సంతకు వచ్చిన రోజే మాట్లాడగలరు. కాబట్టి వాళ్లకు వారం, వరుస చూడకుండా ఇంటి నుండి ఫోను వచ్చినప్పుడే పిలవాలి.

ఫోనుకు డబ్బు ఎక్కడిది అని సారు అడగవచ్చు. దీనికి 50 మెగాపిక్సెల్ అక్కర లేదు, 120 అక్కర లేదు. ముందర ఒక కెమెరా, బాగా నిలిచే బ్యాటరీ ఉంటే చాలు. పాతది ఎవరైనా ఇచ్చినా సరే.

సంక్రాంతి దాటితే సుగ్గి బండ్లు కదులుతాయి. అంతలోపల సారు దీని గురించి ఆలోచించాలని కోరుతున్నాను. మా అమ్మ నాలుగు అంకెల గుర్తు నేర్చుకుంది. పచ్చ గుండీ నొక్కితే మాట్లాడవచ్చు అని నేర్చుకుంది. ఇక ఇక్కడి నుండి ఎవరైనా ఫోను చేయాలి, అంతే.

ఈ అభిప్రాయంతో ఏకీభవించేవారు, ఏకీభవించనివారు కూడా రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి. వచ్చే సంచికలో అందరం చదువుకుందాం.

– తొమ్మిదో తరగతి విద్యార్థి